గిర్ని చప్పుడులో గిరిజ చదువు

డెబ్బై రెండు కరువులో చెలక బీడు పడ్డాక, రేవణసిద్ధప్ప న్యాల్‌కల్ పక్క పల్లె విడిచి, భార్య శరణమ్మను వెంటబెట్టుకుని జహీరాబాద్ చేరాడు. స్టేషన్‌కు పోయే దారిలో ఒక సందులో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని పిండి గిర్ని పెట్టాడు. పొడుగు మనిషి. ఇంట్లో కన్నడం, గిర్నిలో తెలుగు, బజారులో ఉర్దూ. వచ్చిన కొత్తలో అతని తెలుగు విని అంగట్లో కొందరు పగలబడి నవ్వారు. ఆ తర్వాత అతను అవసరానికి మించి నోరు విప్పలేదు. జొన్నలు సన్నగా పట్టాలా, ముతకగా పట్టాలా అని అడగడం, డబ్బా అందుకోవడం, అంతే. మాట తక్కువ మనిషని సందులోవాళ్ళు గౌరవంగానే చూసేవారు. ఆ మౌనం వెనక ఉన్నది బెదురని శరణమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, గిరిజ. గిర్ని నిలదొక్కుకునేదాకా ఆ పిల్లను బీదర్ వైపు అమ్మమ్మ దగ్గర ఉంచారు. అక్కడ కన్నడంలో మూడో తరగతి దాకా చదివింది. తర్వాత జహీరాబాద్ తెచ్చి తెలుగు బడిలో వేశారు. రెండు భాషల అక్షరాలకూ పోలిక ఉంది కనుక రాయడం తొందరగానే పట్టుబడింది. చిక్కంతా నోటితోనే వచ్చింది. ఒకరోజు తరగతిలో నిలబడి పాఠం చదువుతూ ‘పాలు’ అనాల్సిన చోట ‘హాలు’ అంది. ఇంట్లో పాలను అట్లాగే అంటారు మరి. తరగతి తరగతంతా గొల్లుమంది. ఆ పూట నుంచి ఆమె పేరు హాలు గిరిజ అయిపోయింది. దారిలో కనబడితే చాలు, హాలు తాగినవా అని అడిగేవాళ్ళు. గిరిజ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. బడిలో మాత్రం నోరు తెరవడం మానేసింది. అర్థం కానిది అడగదు, తెలిసినదానికి జవాబు చెప్పదు. ఏడో తరగతి పరీక్ష తప్పింది.

ఆ కబురు తెలిసిన పొద్దున గిర్ని దగ్గర ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. బిడ్డ పాసయిందా అని ఎవరో అడిగారు. రేవణసిద్ధప్పకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో ఉన్న తన అన్న పిల్లలందరూ పాసై, తన ఒక్క బిడ్డే తప్పిందన్న ఉక్రోషం ఒకటి.

“దీనికి చదువు రాదు. తలకాయల ఏం లేదు” అన్నాడు.

గిరిజ అక్కడే కూర్చుని డబ్బాలోకి పిండి ఎత్తుతోంది. తల ఎత్తలేదు. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పిండిలోకి పోయాయి.

బడి తెరిచారు. గిరిజ కదల్లేదు. తను గిర్నిలోనే పని చేస్తానంది. రేవణసిద్ధప్ప కేకలేశాడు. పెదనాన్న పిల్లలను చూసి నేర్చుకోమన్నాడు. పట్టగొలుసులు చేయిస్తానని ఆశ పెట్టాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బడి గేటు దగ్గర దింపాడు కూడా. పిల్ల లోపలికి పోయి వెనక బెంచీలో కూర్చుని, గంట కొట్టగానే వచ్చేది. ఇంటికొచ్చి పుస్తకాల సంచీ మూలకు పెడితే, మర్నాడు పొద్దున దాకా అది అక్కడే ఉండేది.

ఇక ఏమీ పాలుపోక ఒకరోజు రేవణసిద్ధప్ప బడికి పోయి తెలుగు చెప్పే రామచందర్ సార్‌ను కలిశాడు. పిల్ల మొండిదని సార్ చెప్తాడనుకున్నాడు. సార్ అట్లా చెప్పలేదు. రాత బాగుంటుందట. చదవమంటే మాత్రం చెమటలు పట్టి, గోడను చూస్తూ నిలబడిపోతుందట. హాలు సంగతి కూడా చెప్పాడు. తనకు ఆలస్యంగా తెలిసిందని, పిల్లలను మందలించానని, కానీ పడ్డ దెబ్బ పడిందని బాధపడ్డాడు.

రేవణసిద్ధప్ప తిరుగుదారిలో బజారు మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు తనను చూసి నవ్విన అంగడి ముందు నుంచే వచ్చాడు. తన బెదురే తన బిడ్డకు వచ్చిందని, అది చాలక దానిమీద తను ఇంకొంత బరువు పెట్టాడని అప్పుడు తోచింది. ఇంటికొచ్చి శరణమ్మకు అంతా చెప్పి, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని బుజ్జగిస్తానన్నాడు.

శరణమ్మ రొట్టె తట్టడం ఆపింది.

“ఇంట్ల బుజ్జగిస్తే ఏమొస్తది? నువ్వు నలుగురి ముందట అన్నవు. నలుగురి ముందటనే ఆ మాట తీసుకోవాలె.”

అతనికది కొండంత పనిగా కనబడింది. నలుగురి ముందు మాట్లాడకుండానే ఇన్నేళ్ళు గడిపినవాడు. అయినా మరునాడు ఆదివారం, గిర్ని నిండా జనం ఉన్నప్పుడు, మోటారు ఆపేశాడు. ఏమైందని అందరూ అతనివైపు చూశారు. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“అమ్మలారా, మొన్న నా బిడ్డ తలకాయల ఏం లేదని మీ ముందట అన్న. అది తప్పు మాట. దానికి భాష కొత్త, జర వెనుకముందు అయితది. నేను ఈ ఊరికి వచ్చినప్పుడు నన్ను చూసి గూడ నవ్విన్రు. నేను నోరు మూసుకున్న. నా బిడ్డ మూసుకోవద్దు.”

అతను మోటారు మళ్ళీ వేసి, ఎవరి డబ్బా ముందో కూడా మరిచిపోయి తడబడ్డాడు. గిరిజ ఆ పగలంతా తండ్రి ముఖం చూడలేదు. సాయంత్రం తినేటప్పుడు మాత్రం తన కంచం తెచ్చుకుని అతని పక్కన కూర్చుంది.

అంతటితో అన్నీ చక్కబడలేదు. కానీ ఇంట్లో మాట తీరు మారింది. మార్కులు ఎన్ని అని అడగడం రేవణసిద్ధప్ప మానేశాడు. ఈ రోజు ఏం పాఠం చెప్పారని అడిగేవాడు. చెప్తే వినేవాడు, చెప్పకపోతే ఊరుకునేవాడు. అన్న పిల్లల ఊసు ఇంట్లో ఎత్తవద్దని శరణమ్మ, పల్లె నుంచి అప్పుడప్పుడు వచ్చిపోయే అత్తగారికి కూడా గట్టిగా చెప్పేసింది. గిరిజ బడి నుంచి వచ్చాక మోసే నీళ్ళ బిందెలు ఇప్పుడు శరణమ్మే మోసుకుంది. గిర్ని మూలన ఒక డబ్బా బోర్లించి, మీద గోనెసంచీ పరిచి, పిల్ల కూర్చోవడానికి చోటు చేసింది.

కొన్నాళ్ళకు రేవణసిద్ధప్ప ఒక సంగతి గమనించాడు. గిర్ని తిరుగుతున్నంతసేపు గిరిజ ఆ మూల కూర్చుని పుస్తకం ముందు పెట్టుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. ఊరికే కదలడం కాదు, గొంతు నరాలు తేలేంత గట్టిగా చదువుతోంది. బెల్టు చప్పుడు, రాళ్ళ రొద, రేకుల అదురు అన్నీ కలిసి ఆ గొంతును ఎవరి చెవినీ పడనివ్వడం లేదు. మోటారు ఆగితే ఆమె నోరూ ఆగుతుంది.

భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి పిల్ల చదువుకునే వేళకు గింజలు కొంచెం కొంచెంగా వదిలేవాడు. మామూలుగా చిటికెలో అయిపోయే జొన్నలకు చాలాసేపు పట్టేది. రాళ్ళు అరిగాయా, మోటారు ముసలిదయిందా అని ఆడవాళ్ళు గొణిగేవారు. పిండి సన్నగా రావాలంటే ఇట్లాగే పట్టాలని చెప్పి తప్పించుకునేవాడు.

ఒకసారి తొందరపడ్డాడు కూడా. ఆనందం పట్టలేక, మా పిల్ల చదువుతోంది, వచ్చి వినండని రామచందర్ సార్‌ను గిర్నికి పిలిచాడు. సార్‌ను చూడగానే గిరిజ పుస్తకం మూసి లోపలికి పోయింది. మళ్ళీ ఆ మూలకు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈసారి రేవణసిద్ధప్ప ఏమీ అనలేదు, బతిమాలలేదు. బోర్లించిన డబ్బా మీది గోనెసంచీ మాత్రం రోజూ దులిపి పరిచేవాడు.

చలికాలంలో ఒక సాయంత్రం. గిర్ని నిండుగా ఉంది. గిరిజ పాఠంలో ఒక ముసలమ్మ మేకలను తోలుకుని వాగు దాటుతోంది, పైన ఎక్కడో వాన పడి వరద వస్తోంది. పిల్ల గొంతెత్తి చదువుతూ ఉండగా ఉన్నట్టుండి కరెంటు పోయింది. మోటారు ఆగింది. బెల్టు జారి నిలిచింది. ఆ నిశ్శబ్దంలో “నీళ్ళు ముసలమ్మ నడుము దాకా వచ్చాయి” అన్న గిరిజ గొంతు షెడ్డంతా మోగింది.

అందరూ అటు తిరిగారు. గిరిజ ముఖం పాలిపోయింది. రేవణసిద్ధప్ప ఏదైనా అనబోయి, అంటే చెడుతుందని పళ్ళ బిగువున ఆగాడు.

అప్పుడు ఝరాసంగం నుంచి జొన్నలు తెచ్చి గోడకు ఆనుకుని కూర్చున్న నాగవ్వ అనే పెద్దావిడ నింపాదిగా అడిగింది.

“ఆపినవేంది బిడ్డా? ముసల్ది దాటిందా లేదా?”

గిరిజ తండ్రిని చూసింది. అతను చిన్నగా తల ఊపాడు. ఆమె వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి జరిగి, తడబడుతూనే మిగతా పాఠం చదివింది. మధ్యలో ఒకచోట పాలు అన్న మాట వచ్చింది. ఆగి, మెల్లగా, సరిగ్గా పలికింది. ఆ మాట ఎందుకంత కష్టంగా పలికిందో అక్కడ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు. ముసలమ్మ ఒడ్డెక్కింది. ఒక మేక మాత్రం కొట్టుకుపోయింది. అయ్యో అని నాగవ్వ నిట్టూర్చి, మేకల వరస ఒకటి తప్పకుండా అడగడం మొదలుపెట్టింది. ఎన్ని దాటాయి, పోయింది సూడిదా కాదా అని. పాఠంలో లేని జవాబులు కూడా గిరిజ కల్పించి చెప్పింది. కరెంటు వచ్చేసరికి ఆమె నవ్వుతోంది.

ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా ఆడవాళ్ళే చదవమని అడిగేవారు. బడిలో నోరు విప్పడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆ ఏడాది పరీక్ష గట్టెక్కింది. మార్కులు గొప్పవి కావు.

పదో తరగతిలో మళ్ళీ తప్పింది, లెక్కల్లో. ఈసారి కబురు వేరేవాళ్ళు తేలేదు. గిరిజే బడి నుంచి నేరుగా గిర్నికి వచ్చి, జనం మధ్యలో నిలబడి చెప్పింది.

“అప్పా, లెక్కల్ల పోయింది. మల్ల రాస్త.”

రేవణసిద్ధప్ప ఆమె ముఖం చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి కానీ తల వంచుకోలేదు.

“రాయి బిడ్డా” అన్నాడు. “ముందుగాల పోయి అన్నం తిను.”

గిరిజ మళ్ళీ రాసి పాసయింది. ఎనభైల మధ్యలో ఝరాసంగం వైపు ఒక పల్లెలో బాల్వాడీ టీచరుగా చేరింది. రేవణసిద్ధప్ప ఒకసారి చూడడానికి పోయాడు. కొత్తగా చేరిన ఒక చిన్నపిల్ల నోట్లో వేళ్ళు పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా గడప దగ్గరే నిలబడి ఉంది. గిరిజ ఆ పిల్లను పేరు అడగలేదు, లోపలికి రమ్మని లాగలేదు. తను కూడా గడప మీద కూర్చుని, ఒళ్ళో శనక్కాయలు పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి పిల్ల నోట్లోంచి వేళ్ళు తీసి ఒక కాయ అందుకుంది. రేవణసిద్ధప్ప వాళ్ళ దృష్టి చెదరకుండా వేపచెట్టు కిందే నిలబడి, బస్సు వేళ దాటిపోతున్నా కదల్లేదు.