తల ఊపిన మనిషి

బట్ట నేసే సాంచాల కార్ఖానాలో గొంతు చించుకునేది కొత్తగా వచ్చినవాళ్లే. ఊరొదిలి ఉధ్నాకు వలసొచ్చి మేం పనిచేసే చోట సాంచాలు నడుస్తుంటే పక్కవాళ్లు అరిచినా వినపడదు. అందుకే అందరం పెదవులు చూసి మాట పట్టేవాళ్లం. నేను ఈ చివర కండెలు చుడుతుంటే, మా ఆయన ఆ చివర సాంచా దగ్గర నుంచే, చప్పుడు లేకుండా ఆటపట్టించేవాడు.

"మూతి గట్ల పెట్టినవేంది? కూరల ఉప్పు మర్చింది నువ్వే గదనే!"

నేనేం తక్కువ తిన్నానా, అక్కడి నుంచే తిట్టేదాన్ని. మధ్యలో ఉన్నవాళ్లంతా చదివి నవ్వేవాళ్లు. ఎవరి మాటైనా అందకపోతే తల ఊపేసి పనిలో పడటం మాకు అలవాటు. సాంచా ఆపి మళ్లీ అడిగే తీరిక ఎవరికుంది?

అట్లా ఆయన చెవులు ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు. ఇంట్లోనూ ఎదురుగా నిలబడే మాట్లాడేదాన్ని. అన్నీ అందేవి.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆస్పత్రిలో చేర్చుకుని నన్ను గేటు బయటే ఆపేశారు. ఫోన్ చేస్తే నర్సమ్మ హిందీలో చెప్పేది: "ఊపిరి బాగా ఆడుతోందా అంటే తల ఊపుతున్నారు ఆంటీ, భయపడకండి." హమ్మయ్య అనుకునేదాన్ని.

లోపల అందరి మూతులకూ మాస్కులేనన్న సంగతి నాకు తట్టనే లేదు. నా మూతికీ మాస్కే కదా, ఛీ, నా బుద్ధి ఏ గడ్డి మేసిందో! డాక్టర్లను మళ్లీ చెప్పమనడానికి ఆయన నామోషీ పడి ఉంటాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టి సైగతో అడగండమ్మా అని నేను చెప్పి ఉండాల్సింది. బతికేవాడో లేదో తెలియదు. తన బాధేదో చెప్పుకునేవాడు.

ఆయన పోయాక బట్టల సంచి తెచ్చిచ్చింది ఆ నర్సమ్మే. చిన్నపిల్ల, కళ్లనిండా నీళ్లు.

"అంకుల్ చాలా నెమ్మదస్తులు ఆంటీ. ఒక్క మాటా మాట్లాడేవారు కాదు."

హిందీ ఎటు పోయిందో, తెలుగులోనే అన్నాను.

"నెమ్మదస్తుడేంది బిడ్డా! ఆయన నోరు మూస్తే గద!"

ఆ పిల్లకు తెలుగు రాదు. మాస్కు వెనక నా మాట ఎంత వినపడిందో కూడా తెలియదు. జాలిగా నన్ను చూసి తల ఊపింది.