చక్కెర డబ్బాలో ఈడ్నా చెంచా

1987 మార్చి పద్నాలుగో తేదీ, శనివారం. ఉత్తరపు గాలి ఎడారి దుమ్మును మోసుకొచ్చి మా రేవుపట్నం పోర్ట్ పిరీ మీద చల్లుతోంది. నీడలోనే నలభై డిగ్రీలు. తేదీని ఇంత నిర్దిష్టంగా చెప్పడం నల్లబల్ల ముందు జీవితం గడిపిన చేతికి వదలని అలవాటు, పాఠకులు మన్నించాలి.

ఆ మధ్యాహ్నం పొరుగింటి లిన్సే పాస్కో కంచె మీదుగా నన్ను పిలిచాడు. సీసం కార్ఖానాలో ముప్పై నాలుగేళ్ళు కొలిమి ముందు నిలబడి విరమించిన మనిషి. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ పిలుపులో లేదు.

అతని భార్య ఈడ్నా పోయి ఏడు నెలలైంది. ఏప్రిల్ నాలుగు ఆమె పుట్టినరోజు. ఆ రోజు పచ్చిక మీద బంతులు దొర్లించే తన బౌల్స్ క్లబ్బు స్నేహితులందరికీ ఇంటి బీరే పోయాలని ఆమె ఆస్పత్రి మంచం మీద అడిగింది, ఇతను మాటిచ్చాడు. ఆ మాట కోసం కాచిన ముప్పై సీసాలు షెడ్డులో ఉన్నాయి.

"మూత తీస్తే చప్పుడే లేదు, మాస్టారూ," అన్నాడు. "ఇది బీరు కాదు, అంట్లు తోమిన నీళ్ళు."

చక్కెర వేశావా అని అడిగాను.

"చక్కెర ఈడ్నా పని కదా."

ఆ ఇంట్లో కాచేదీ, పులియబెట్టేదీ, సీసాల్లోకి దింపి మూతలు బిగించేదీ అతను. కడిగిన ఖాళీ సీసాల్లో ఆమె ముందే తలా ఒక చెంచా చక్కెర వేసి అతని వెనక బల్ల మీద వరసగా నిలబెట్టేది. బీరులో మిగిలిన ఈస్టు ఆ చక్కెరను తిని వాయువు వదులుతుంది. బయటికి దారిలేక అది బీరులోనే కరిగి పొంగవుతుంది. ఈసారి అతను వెనక్కి చెయ్యి చాచి, ఉత్త సీసాలనే అందుకున్నాడు.

అంతా నిమ్మచెట్టు పాదులో పారబోస్తానన్నాడు. ఈస్టు ఇంకా బతికే ఉంటుందనీ, మూతలు తీసి చక్కెర వేసి కొత్త మూతలు బిగిస్తే, ఈ ఎండకు మూడు వారాలు చాలుననీ చెప్పాను. కానీ ఎంత వేయాలి? తక్కువైతే పొంగు రాదు, ఎక్కువైతే సీసా పగులుతుంది. మా వీధిలోనే ఒకాయన షెడ్డులో క్రిస్మస్ ముందు రోజు పదకొండు సీసాలు వరసగా పేలితే అందరమూ టపాకాయలనుకున్నాము. అది అప్రస్తుతం.

వంటింటి సొరుగులో పదిహేడు చెంచాలున్నాయి. ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు, ఏదీ గుర్తుపట్టలేకపోయాడు. చివరికి షెడ్డులోని చక్కెర డబ్బా మూత నేనే తీశాను. లోపల అంచు అరిగిన చిన్న చెంచా, దానితోపాటు చక్కెరను చదునుగా గీయడానికి వెన్న రాసే కత్తి.

"ముప్పై ఏళ్ళు నా వెనకే ఉంది," అన్నాడు. "ఒక్కసారీ తిరిగి చూడలేదు."

చక్కెర నేను వేస్తానన్నాను. ఒప్పుకోలేదు. మూతలు నాకు అప్పగించి, తాను చెంచా నింపి, కత్తితో గీసి, సీసా తరవాత సీసాలో వేశాడు. నా మొదటి మూత వంకరపోయింది.

"కామా పెడుతున్నావా మాస్టారూ? గట్టిగా నొక్కు."

వెటకారం తిరిగొచ్చినందుకు సంతోషించాను.

ఏప్రిల్ నాలుగున క్లబ్బులో మొదటి మూత తీయగానే బుస్సుమంది. తెల్లని నురగ గ్లాసు అంచు దాటింది. అధ్యక్షురాలు మావిస్ ఒక గుక్క తాగి, చక్కెర ఎవరు వేశారని అడిగింది.

"మేమిద్దరం," అన్నాడు లిన్సే.

మావిస్ నా వైపు చూసింది. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

తరవాత అతను ఇంకా దక్షిణాన, చలి ఊరు హోబర్ట్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. 1994 జూలైలో, మాకు నడి చలికాలంలో, ఈ ఉత్తరం వచ్చింది:

"మాస్టారూ, ఇక్కడి చలికి సీసాల్లో పొంగు రావడానికి ఆరు వారాలు పడుతోంది. పక్కింటి ఆవిడ భర్త పోయాడు, అతనే కాచేవాడట. ఆవిడకి చక్కెర వేయడం ఒక్కటే తెలుసు. మొన్న ఇద్దరం కలిసి ముప్పై సీసాలు నింపాం. ఈడ్నా చెంచా ఇస్తానంటే వద్దంది; తన చెంచా తనకుందట. నాది డబ్బాలోనే పెట్టేశాను. ఇందులో తప్పులుంటే దిద్ది తిప్పి పంపకు. – లిన్సే."