రాతి మీద పేక

బార్డోలీ దాటి గంటసేపు బండి తోలితే, టేకు అడవిలో నేను ఆదివారాలు ఎక్కే బండ వస్తుంది. ఎక్కే అన్నాను గానీ పైకి పోను. నేలకు మూరెడు ఎత్తులో, రాతి పగుళ్ళు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పక్కకు పాకుతాను. ముప్పై అడుగులు. ఆఫీసు పనంతా ఇంట్లోకొచ్చి మెడకు చుట్టుకున్న కరోనా రోజుల్లో నాకు దొరికిన ఊపిరి అదే.

పక్కనే చెరుకు తోటకు కాపలా ఉండే ఆగయ్య మొదటిరోజే నా పరువు తీశాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, "ఏంది సారూ, పైకి తొవ్వ దొరుకుతలేదా?" అన్నాడు.

పక్కకు పోవడమే ఆట అని చెప్పాను.

"అంటె పేక అన్నట్టు" అన్నాడు. మగ్గం మీద బట్టకు అడ్డంగా పోయే పోగు పేక.

సిరిసిల్ల మనిషి. ఇరవై ఆరేళ్ళు ఈ దగ్గర్లోని కడోదరాలో సాంచా, అంటే మరమగ్గం, నడిపాడు. సెకండ్ వేవ్‌లో జ్వరమైతే తగ్గింది గానీ ఎడమచేతి వేళ్ళు మొద్దుబారాయి. తెగిన పోగు ముడివేయలేనివాడికి సాంచా ఇవ్వరు. చెయ్యి బాగయ్యాకే రమ్మన్నాడట సేఠ్. ఆ మాట చెబుతూ చేతిని లుంగీ మడతలో దాచుకున్నాడు.

"జర నేను పట్టి చూస్త" అంటూ చెప్పులు విడిచాడు. నాలుగో పట్టు దగ్గరే ఎండుటాకుల్లో చతికిలబడ్డాడు.

"చెయ్యి ఎప్పుడు ఇడిశిందో ఎరుకనే కాలే సారూ."

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒక్కడే పాకేవాడట. జనవరిలో ఒక ఆదివారం నా కళ్ళముందే ఆ చివరకు చేరాడు. నేను చప్పట్లు కొట్టాను, తొందరపడి. ఆయన దిగలేదు. ఎడమచెయ్యి ముందు వేసి వెనక్కి మళ్ళాడు.

"ఒక్క దిక్కు పోతె బట్టయితదా? పేక పోగు మోసే నాడె మర్లి రావాలె."

ఆర్నెల్లుగా ఆ బండ మీద పాకుతున్నాను, తిరిగి రావాలని ఒక్కసారీ తట్టలేదు. ఆ మొద్దు వేళ్ళు పగులు వెతుక్కుంటూ, దొరికాక బిగుసుకుంటూ ఒక్కో అడుగూ వస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా నేనంత చిన్నవాణ్ణనిపించలేదు.

కిందికి దిగి, నా చొక్కా అంచున వేలాడుతున్న పోగు లాగి రెండుగా తెంపాడు. కళ్ళు మూసుకుని, ఎడమచేత్తోనే ముడివేసి నా చేతికిచ్చాడు.

"ముడి ఏడుందో చెప్పు సారూ."

పోగును వేళ్ళ మధ్య రెండుసార్లు జార్చి చూశాను. నాకు దొరకలేదు.