విత్తనం కాయల ముందు నా పథ్యం

ఒళ్ళూ పై తెలియని వయసని ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకు మాత్రం నా ఒళ్ళు బాగానే తెలిసేది, ఎందుకంటే అది నాకంటే ముందు నడిచేది. అనంతపురంలో కోచింగ్ పుణ్యమా అని రెండు పూటలా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలే నా లోకం. కానిస్టేబుల్ మొదటి రాతపరీక్ష గట్టెక్కాను (బుర్రకింకా కొవ్వు పట్టలేదన్నమాట). తర్వాతది పరుగు. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. నేను గ్రౌండులోకి దిగితే తోటివాళ్ళు, "జరగండప్పా, రోడ్డు రోలరు వస్తాండాది" అనేవాళ్ళు.

ఫోనులో ఒక డాక్టరు నూనె విషమని, నెయ్యి మహావిషమని చెప్పగా విని, బెళుగుప్ప దగ్గర మా ఊరికి పోయి ఇకమీదట చుక్క నూనె ముట్టనని, మాంసం, గుడ్లు, పాలు కూడా బంద్ అని ప్రకటించాను. "ఇంటినిండా శెనక్కాయలు పెట్టుకోని నూనె వద్దంటాడే, వీనికేం గాలి సోకిందో!" అంది అవ్వ. అమ్మ మాత్రం మారుమాట లేకుండా ఉడికించిన ఆకుకూర, సంగటి, పల్చటి చారు పెట్టసాగింది. అవి వానలకు ముందు విత్తనం కాయలు వొలిచే రోజులు. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ వేరుశనగ కాయల గుట్ట చుట్టూ కూర్చునేవాళ్ళం. నేనూ ఒక చేత్తో వొలుస్తూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని డాక్టరు ఉపదేశాలు వినేవాణ్ణి.

వారాలు గడిచినా ప్యాంటు గుండీ నన్ను కరుణించలేదు. పైగా ఇంకాస్త బిగిసింది. నాకు తిక్క రేగింది. "నిజం చెప్పమ్మా, దొంగతనంగా నూనె పోస్తాండావు కదా?" అన్నాను. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీమీద ఒట్టురా, చుక్క గూడా పొయ్యలేదు" అంది. అప్పుడు అవ్వ నా ముందున్న చాటను లాక్కుని, "అందరి చాటల్లో గింజలుండాయి, నీ చాటలో పొట్టే ఉండాది. గింజలు యాడికి పోయినాయిరా?" అని అడిగింది. నేను గబగబా నమలసాగాను. నోటినిండా గింజలున్నాయి మరి.

"మా కాలంలో వొలిచేవాళ్ళతో పాటలు పాడిస్తాంటిమి, పాడే నోట్లో గింజ పోదు" అంది అవ్వ. నాకు పాటలు రావు. అందుకని కోచింగులో బట్టీ కొట్టిన రాష్ట్రాలు, రాజధానులు, నదులు, ప్రాజెక్టులు గొంతెత్తి అప్పజెప్పడం మొదలుపెట్టాను. వినలేక నాయన తన చాట తీసుకుని వాకిట్లోకి పోయినాడు. నా ఒళ్ళు మాత్రం మెల్లగా దారికొచ్చింది.

పరుగు రోజు ఆయాసపడుతూనే గీత దాటాను. పాసయ్యానని అక్కడి అధికారి చెప్పగానే ఇంటికి ఫోన్ చేశాను. అవతల అమ్మ ఆ మాట అవ్వకు అరిచి చెప్పింది. తర్వాత మెల్లగా, "అయితే ఇంగ చారులోకి నూనె పోసి తిరగవాత పెట్టుకోవచ్చునా?" అంది.

"నిన్నెవరు వద్దన్నారమ్మా?"

అవ్వ ఫోను లాక్కుంది. "బిడ్డ చప్పిడి కూడు తింటాంటే కన్నదానికి నూనె కూడు ఎట్ల దిగుతాదిరా? ఇన్నాళ్ళూ నీ తిండే అదీ తినింది."

నేను గ్రౌండు పక్కన కూలబడి భోరుమని ఏడ్చాను. పరుగులో ఫెయిలయ్యాననుకుని ఎవరో కుర్రాడు నా వీపు నిమిరి, "పోనీలేన్నా, ఇంగోటి చూసుకుందువులే" అని నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆఖరి రాతపరీక్షా గట్టెక్కి ఇప్పుడు ఖాకీ బట్టల్లో ఉన్నాను. అన్నం పెట్టే అమ్మ మీదే దొంగతనం మోపిన ఆ లావుపాటి కుర్రాడు గుర్తొస్తే, పట్టుకొచ్చి స్టేషన్లో ఓ పూట కూర్చోబెట్టాలనిపిస్తుంది. కానీ పాపం, ఆ ఒళ్ళేసుకుని పరుగెత్తగలనని ఎంత నమ్మాడో! నవ్వొచ్చి వదిలేస్తాను.