మద్దమ్మ సాక్ష్యం

కువైట్‌లోని ముబారక్ అల్ కబీర్‌లో నేను కారు నడిపే ఇంట్లోనే మద్దమ్మ వంట చేస్తుంది. మాది రాయచోటి, ఆమెది పక్క మండలం. అంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు. మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు కూరలో ఉప్పు తక్కువైందంటే, సరిపోయిందని ఆమె చేతే అనిపిస్తుంది. అలాంటి మనిషి నెలరోజులుగా పప్పులో పోపు వేశానా లేదా అని నన్నడుగుతోంది.

కోర్టు కాగితం వచ్చినప్పటినుంచీ అంతే. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, ఊరి హోటల్లో అందరూ తాగే గ్లాసులో టీ తాగాడని వాళ్ల నాయన సిద్ధయ్యను దళితవాడలో ఇంటిముందే నరికి చంపారు. స్టేలనీ వాయిదాలనీ కేసు ముప్పయ్యేళ్లు నానింది. నిందితుల్లో ఇప్పుడు భీమరాజు ఒక్కడే మిగిలాడు, చూసినవాళ్లలో మద్దమ్మ ఒక్కతే. ఇక్కడి ఎంబసీలో కూర్చుని వీడియోలో సాక్ష్యం చెప్పాలి.

మామా సెలవిచ్చింది. గ్లాసు కోసం మనిషినెందుకు చంపుతారని మాత్రం రెండుసార్లు అడిగింది.

ఏటా సిద్ధయ్య చనిపోయిన రోజున వాడలో సభ పెట్టి, డప్పు కొట్టి పాట పాడతారు. పాప తలుపు సందులోంచి చూసిందనీ, గొడ్డలెత్తింది భీమరాజేననీ ఆ పాటలో ఉంది. కువైట్ వచ్చేదాకా దాన్ని పాడింది మద్దమ్మే.

"వాని మొగం కనపడతానే ఉందన్నా. ఆ పొద్దు చూసిందా, పాట పాడీ పాడీ వచ్చిందా, తెలీడంలే," అంది ఎంబసీకి పోతుంటే కారులో.

నాకు ఒళ్లు మండింది. "చూసినానని చెప్పి రా. ఊరంతా అబద్ధం పాడతాందా?" అన్నాను.

ఎంబసీలోకి పోయిన గంటకు బయటికొచ్చి వెనక సీట్లో కూలబడింది.

"నాయన అరుపు విన్నానని చెప్పినా. మొగం గట్టిగా చెప్పలేనంటిని."

నేను తల పట్టుకున్నాను. ముప్పయ్యేళ్ల కేసు గంగలో కలిసింది.

"ఆ మాటకు వీడియోలో భీమరాజు ఏడుస్తా లేసి నాకు దండం పెట్టినాడన్నా. చేయనోడయితే నాకెందుకు దండం పెడతాడు?"

చేయనివాడైనా పెడతాడు, ముప్పయ్యేళ్లు నింద మోస్తే, అనుకున్నాను. ఎవరిని నమ్మాలో నిజంగానే నాకు తెలియదు. బండి తీశాను.

మొదటి సిగ్నల్ దగ్గర నా భుజం పట్టి కుదిపింది. "వెనక్కి తిప్పన్నా. పోయి మళ్లీ చెప్తా."

తిప్పాను. ఏమని చెప్తావని అడిగాను.

"ఎంబసీ గేటు వచ్చేలోపల ఏమని చెప్పాల్నో నువ్వే చెప్పన్నా," అంది.