ఆమెన్ చెప్పని మాష్టారు

మొన్న సోమవారం పొద్దున శావల్యాపురం నుంచి ఫోను వచ్చింది. "తాతయ్య పోయాడు పెద్దమ్మా. మజ్జానం సమాధి చేస్తారంట" అంది మా లెక్కల మాష్టారి మనవరాలు. తొంభై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. ఏడవాల్సిన చావు కాదని మా ఇంట్లో అందరూ అన్నారు. నేను మాత్రం ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఆయనను తలుచుకుంటే పాఠం కన్నా ముందు నాకు నెత్తురు గుర్తొస్తుంది. ఏం చేయను, నా కళ్ళతో చూసింది అది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి, సౌమ్యుడు అని రాయడం మర్యాద. అలా రాస్తే ఆయనే లేచి వచ్చి నా చెవి మెలిపెడతారు. నలభైలలో నరసరావుపేట దగ్గర మా మిషన్ కాలేజీలో చదివినవాళ్ళలో ఆయన చేతి దెబ్బ తినని మగపిల్లవాడు లేడు. మీసాలొచ్చిన ఇంటర్మీడియట్ వాళ్ళను కూడా జుట్టు పట్టుకుని నల్లబల్లకేసి కొట్టేవారు. "లెక్క తప్పితే తప్పావు, పక్కోడిది చూసి రాస్తావేందిరా?" అనేవారు. తప్పుకు కొట్టేవారు కాదు, దొంగతనానికి కొట్టేవారు. ఆడపిల్లలం ఇద్దరమే ఉండేవాళ్ళం. మమ్మల్ని కొట్టేవారు కాదు గాని, ఆ నోటి కన్నా దెబ్బే నయం.

చిన్న కాలేజీ అది. నాపరాతి గోడలు, పెంకుల కప్పు, పక్కనే చర్చి. పాఠాలు చెప్పేవాళ్ళు అయిదారుగురు. వాళ్ళ ఉద్యోగాలు చిత్రమైనవి. ఓడ దిగి వచ్చినవాడు ప్రిన్సిపాలు, ఇక్కడ పుట్టినవాడు ఎంత చదివినా లెక్చరరే. ఇంగ్లీషు చెప్పే ఆయన విసిగిపోయి మద్రాసు వెళ్ళిపోయాడు. సైన్సు ఆయన యుద్ధంలో చేరి తిరిగి రాలేదు. తెలుగు పండితులు పళ్ళూడేదాకా అక్కడే ఉన్నారు. మా మాష్టారి సంగతి వేరు. ఊరు అంటనివ్వని పల్లెలో పుట్టిన పిల్లవాణ్ణి మిషన్ వాళ్ళే బోర్డింగులో పెట్టి, కూడు పెట్టి, మద్రాసు పంపి ఎం.ఏ. చదివించారు. మొదటి తెలుగు ప్రిన్సిపాలు ఆయనే అవుతారని అందరూ అనుకునేవాళ్ళు. ఆ కుర్చీ మీద ఆయనకూ ఆశ ఉండేది, దాచుకునేవారు కాదు. "నేను అందులో కూర్చున్న రోజు మా వాడలో ప్రతి పిల్లోడూ పలక పడతాడు" అనేవారు.

మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. పొద్దున మొదటి క్లాసు ఎవరిదైతే వాళ్ళే ప్రార్థన చేయాలి. ఏ మతం వాళ్ళైనా లేచి నిలబడి కళ్ళు మూసుకోవాలి. ఆమెన్ అనేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. ప్రిన్సిపాల్ దొర వచ్చినా గుమ్మంలో టోపీ తీసి ఆగిపోవాల్సిందే. కాలేజీ మొత్తంలో మా మాష్టారి ప్రార్థనే పొట్టిది. "ప్రభువా, వీళ్ళకు కాస్త బుద్ధియ్యి, ఆమెన్." అంతే. దేవుడికి తెలిసిందే మళ్ళీ చెప్పి విసిగించడం దేనికని ఆయన వాదన.

క్విట్ ఇండియా ఏడు వచ్చింది. మా అన్న నా క్లాసులోనే ఉండేవాడు. నాకన్నా పెద్దవాడే, ఒకసారి తప్పి నాకోసం ఆగాడు. ఒకరోజు బజారులో కుర్రాళ్ళ ఊరేగింపు మీద రిజర్వు పోలీసులు విరుచుకుపడ్డారు. లాఠీ పుర్రెకు తగిలితే వచ్చే చప్పుడు అంతవరకు నాకు తెలియదు. మా క్లాసు పిల్లవాడొకడు మిరపకాయ బస్తాల మధ్య పడిపోతే వాణ్ణి బూట్లతో తొక్కుకుంటూ పోయారు. వాడికి ఒక కన్ను పోయింది.

ఆ కసితో మా అన్న, ఇంకో ఇద్దరు కలిసి రైలు స్టేషన్లో గూడ్సు షెడ్డు తగలబెట్టారు. లోపల నిద్రపోతున్న కాపలా మనిషి చేతులు కాలి, అరుస్తూ బయటపడ్డాడు. మా అన్న చేసింది గొప్ప పనని నేను ఈరోజుకీ అనలేను. మాష్టారూ అనలేదు. ఆయనకు ఎలా తెలిసిందో గాని, మర్నాడు వరండాలో మా అన్నను పెదవి చిట్లేలా కొట్టారు. "స్వరాజ్యం కావాలంట్రా నీకు? ఆ కాపలావోడికి పెళ్ళాం బిడ్డలు లేరా?" అని ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క దెబ్బ. మా అన్న చెయ్యి అడ్డం పెట్టలేదు.

అంతకు ముందే పక్క తాలూకాలో పట్టుకుపోయిన కుర్రాడొకడు లాకప్పులోంచి శవమై వచ్చాడు. అందుకే కొన్నాళ్ళకు పోలీసు సూపర్నెంటు దొర పదిమంది జవాన్లతో మా క్లాసులోకి వచ్చినప్పుడు నేను మా అన్న వైపు చూడకుండా నల్లబల్లనే చూస్తూ కూర్చున్నాను. మాష్టారు అప్పుడే లోపలికి వచ్చి సుద్దముక్క చేతిలోకి తీసుకున్నారు. షెడ్డు తగలబెట్టిన ముగ్గురి పేర్లూ దొర చదివాడు. ఆ మొహాలేవో జవాన్లకు తెలియవు. "వాళ్ళను చూపించు" అన్నాడు.

"చిత్తం. ఇంకా ప్రార్థన కాలేదు. ఇది మిషన్ కాలేజీ. ముందు ప్రార్థన, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు మాష్టారు ఇంగ్లీషులో.

దొర ప్రతి ఆదివారం మా చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి. టోపీ తీసి చంకలో పెట్టుకుని తల వంచి కళ్ళు మూసుకున్నాడు. మేమంతా లేచి నిలబడ్డాం. నేను కళ్ళు మూసుకోలేదు.

మాష్టారు తెలుగులో అందుకున్నారు. చక్రవర్తిగారి ఆయుష్షు కోసం అడిగారు. యుద్ధంలో ఉన్న సిపాయిల కోసం, వాళ్ళ తల్లుల కోసం అడిగారు. మాచర్లకు వాన అడిగారు, గురజాలకు వాన అడిగారు, సత్తెనపల్లికి అడిగారు, ధరణికోట దాకా పోయారు. గొడ్ల రోగాలు, పత్తి పురుగు, ఏదీ వదల్లేదు. పొట్టి ప్రార్థనల మనిషి ఇలా సాగదీస్తున్నాడేమిటని ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. అప్పుడు ఆయన, "వెనక తలుపులు తెరిచే తండ్రీ, ఇంకా నిలబడే ఉన్న మొద్దులకు బుద్ధియ్యి" అన్నారు, అదే దీనమైన గొంతుతో.

దొరకు వచ్చిన తెలుగు నౌకర్లను పిలవడానికి సరిపోయేది. ఆ ముగ్గురిలో ఒకడు కిటికీ ఎక్కాడు. రెండోవాడు వెనక తలుపు తీశాడు. మా అన్న మాత్రం చేతులు జోడించి భక్తిగా నిలబడి ఉన్నాడు. "మొద్దులలో పెద్ద మొద్దుకు కూడా ప్రభువా" అన్నారు మాష్టారు. వాడి వెనక ఉన్న కుర్రాడు నడుం మీద ఒక్కటి పొడిస్తే అప్పుడు కదిలాడు.

జవాన్లు అంతా చూస్తూనే ఉన్నారు. దొర కళ్ళు మూసుకుని ఉంటే నోరెత్తేదెవరు? ఒకడు గట్టిగా దగ్గాడు. దొర కళ్ళు తెరవకుండానే వేలెత్తి వాణ్ణి ఊరుకోమన్నాడు. మాష్టారు అక్కడితో ఆపలేదు. పిల్లలు పొలాలు దాటేదాకా వితంతువుల కోసం, కుష్ఠురోగుల కోసం, సముద్రం మీద ఓడల కోసం అడుగుతూనే ఉన్నారు. ఆమెన్ అనేసరికి ఆయన చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది.

దొర కళ్ళు తెరిచి ఖాళీ అయిన చోట్లు చూశాడు. చేతిలోని బెత్తం మాష్టారి మొహం మీద అడ్డంగా పడింది. ముక్కు పగిలి నెత్తురు నల్లబల్ల మీదకు చిమ్మింది. నలుగురు జవాన్లు ఆయన కుడిచెయ్యి పట్టి మేజా మీద పరిచారు. ఒకడు తుపాకి మడమతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. ఆయన మా బెంచీ వైపు తిరిగి, "అమ్మాయిలూ, కళ్ళు మూసుకోండి!" అని అరిచారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ కొట్టారు. వేళ్ళు వేళ్ళలాగా లేకుండా పోయాయి. పక్కటెముకల మీద తన్నుతూ వరండాలోంచి ఈడ్చుకుపోయారు. మా వాళ్ళలో ఒక్కరు కూడా కదలలేదు. అందరికీ ఆయన నేర్పిన లెక్కలే వచ్చు, ఆ ధైర్యం రాలేదు.

ఆ వారమే పోలీసులు మా ఊరి మీద పడ్డారు. మా నాన్నను బెల్టుతో ఒళ్ళంతా చీరేశారు. గాదెలోని జొన్నల్లో కిరసనాయిలు పోశారు. మా అన్న అప్పటికే కృష్ణ దాటి నైజాం వైపు వెళ్ళిపోయాడు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చాడు, వ్యవసాయం చేశాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, నిరుడు నిద్రలో పోయాడు.

మాష్టారిని నెల దాటాక వదిలారు. ప్రిన్సిపాల్ దొరే వెళ్ళి విడిపించుకొచ్చాడు. ఆ తర్వాత సంఘం పెద్దల ముందు కూర్చోబెట్టాడు. ఆ మీటింగులో జరిగింది తెలుగు పండితులు మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఎవరిని తప్పించారన్నది వాళ్ళకు పట్టలేదట. "మీరు ప్రార్థనను వంచనకు వాడితిరి. అది తప్పని ఒప్పుకొని పశ్చాత్తాపపడుడి. మీ ఉద్యోగము నిలుచును. రేపు నా కుర్చీయు మీదే" అన్నాడట దొర. బతిమాలినట్టే అన్నాడట.

"అయ్యా, నేను ఆ పిల్లోళ్ళ ప్రాణం కోసం దేవుణ్ణి అడిగాను. అడిగింది ఇచ్చాడు. ఇందులో వంచన ఏడుందో చూపించండి, ఒప్పుకుంటాను" అన్నారట మాష్టారు.

చూపించలేకపోయారు. అయినా ఉద్యోగం పీకేశారు.

తర్వాత ఏ కాలేజీ ఆయనను రానివ్వలేదు. శావల్యాపురంలో చిన్న పిల్లల బడిలో రిటైరయ్యేదాకా ఎక్కాలు చెప్పారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. ఎడమచేత్తో కొడితే పిల్లలకు దెబ్బే తగలడం లేదని నా దగ్గర విసుక్కున్నారు. నేను టీచరునయ్యాక ఒకసారి వెళ్ళి, మీకు అన్యాయం జరిగింది మాష్టారూ అన్నాను. "కాలేజీలో చెప్పినా ఇక్కడ చెప్పినా రెండు రెళ్ళు నాలుగేనమ్మాయ్" అన్నారు. నేను వెళ్ళొస్తానని లేచాక, "ఆ కుర్చీ మాత్రం కావాలనుకున్నాను" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది.

ఆయన కాలేజీ వదిలి శావల్యాపురం వెళ్ళిన రోజు ఒక్కటి చెప్పి ముగిస్తాను. మా ఊరు ఆ దారిలోనే ఉంది. ఎద్దుల బండి మీద భార్య, పసిపిల్ల, ఒక ట్రంకు పెట్టె. ఆయన బండి పక్కన నడుస్తున్నారు, కుడిచేతికి కట్టు. మిట్టమధ్యాహ్నం. ఊరి మగవాళ్ళంతా అరుగుల మీద ఉన్నారు. ఎవరూ పలకరించలేదు, పోలీసుల భయం.

మా అమ్మ గడప దాటి రోడ్డు మీదకు వచ్చింది. ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. పల్లెవాళ్ళ గాలి సోకితే తలారా స్నానం చేసి గాని పొయ్యి ముట్టని మనిషి. నన్ను కాలేజీకి పంపిన మొదటి ఏడాదంతా పుస్తకాల మీద కూడా పసుపునీళ్ళు చల్లింది. బండికి ఎదురు నిలబడి ఆయనను అడిగింది: "ఏ చెయ్యయ్యా వాళ్ళు విరగ్గొట్టింది?"

ఆయనకు అర్థం కాలేదు. కట్టు కట్టిన చేతి వైపు చూసుకున్నారు. మా అమ్మ ముందుకు వచ్చింది. ఆయన చటుక్కున వెనక్కి తగ్గారు, పుట్టినప్పటి నుంచి అలవాటైన తగ్గడం. "ముట్టుకోమాకమ్మా, నీకెందుకు మాట" అన్నారు. అరుగు మీద నుంచి మా పెదనాన్న, "ఏమే, మతి పోయిందా నీకు?" అని కేక వేశాడు.

మా అమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, నడిరోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా ముందు ఒక కంటికి, తర్వాత రెండో కంటికి అద్దుకుంది. కట్టు తడిసింది. మాష్టారి మొహం నొప్పితో వంకరపోయింది.

"నొప్పిగా ఉందమ్మా, వదులు" అన్నారు.

మా అమ్మ వదల్లేదు.