తూర్పు గోడ అవతల ఎర్ర జెండా

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నాకు నవ్వొచ్చేది. నా ఉద్యోగమే నేల లోపలికి చూడటం. అలాంటివి ఏవైనా ఉంటే అందరికంటే ముందు నాకే కనిపించాలి కదా అని రూమ్‌లో వాళ్లను ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడు ఆ పరాచికాలు మానేశాను.

మాది కడప జిల్లా. ముస్లింలమే అయినా మా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. మస్కట్‌లోని అజైబాలో ఒక చిన్న సర్వే కంపెనీలో పదకొండేళ్లుగా చేస్తున్నాను. రోడ్డు తవ్వే ముందు కింద కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు ఎక్కడున్నాయో రాడార్ బండితో చూసి గుర్తు పెట్టడం మా పని. పసిపిల్లల తోపుడు బండి అంత ఉంటుంది అది. తోసుకుంటూ పోతే కింద ఉన్నది స్క్రీన్ మీద గీతలుగా వస్తుంది. ఇనుమైతే గీత మెరుస్తుంది. ఎప్పుడో తవ్వి పూడ్చిన చోటైతే మట్టి పొరలు తెగి కనిపిస్తాయి.

మా చిన్నాయన దస్తగిరి నాకంటే ముందే ఈ దేశం వచ్చాడు. అంతకు ముందు ఊళ్లో లారీ మీంచి పడి కుడి తొడ విరగ్గొట్టుకుంటే కర్నూల్లో ఆపరేషన్ చేసి మూరెడు స్టీలు రాడ్ వేశారు. ఆ కాలితో గల్ఫ్ మెడికల్ టెస్టు ఎలా పాసయ్యాడో పంపిన ఏజెంటుకే తెలియాలి. ఇబ్రి వైపు రోడ్డు పనికి వచ్చి, రెండో ఏడు ఎండదెబ్బకు సైట్‌లోనే పోయాడు. కాగితాలు కుదరక శవాన్ని పంపలేదు. అక్కడే పూడ్చిపెట్టి, ఆయన చేతి గడియారం, ఒక అరబ్బీ కాగితం పంపారు. ఆ కాగితంలో ఇబ్రి అన్న ప్రాంతం పేరు తప్ప ఏ ఊళ్లో పూడ్చారో లేదు.

చిన్నమ్మ పేరు మాబున్ని. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేను ఒమన్ వచ్చేటప్పుడు ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

“మీ చిన్నాయన యాడుండాడో సూసి ఫాతిహా సదువు నాయనా. నాకింకేం వద్దు.”

వచ్చిన మొదటి ఏడాది బస్సెక్కి ఇబ్రి వెళ్లాను. ఒక కబరస్థాన్ చూశాను. ఇక్కడ సమాధుల మీద పేర్లుండవు. మగవాడికి రెండు రాళ్లు, ఆడమనిషికి మూడు, అంతే. కొండ మొదలు దాకా ఆ రాళ్లే. పైగా అది ఒక ఊరిది, అలాంటి ఊళ్లు చుట్టూ ఎన్నో. పది నిమిషాలు నిలబడి తిరుగు బస్సెక్కాను.

ఆ శుక్రవారం ఫోన్‌లో, చిన్నమ్మతో సమాధి చూశానని చెప్పేశాను. ఎట్లుందో చెప్పమంది. పాత మట్టి గోడ పక్కన ఉంది, మధ్యాహ్నం దాటితే గోడ నీడ పడుతుంది అని నోటికొచ్చింది చెప్పాను. ఎండకు పోయిన మనిషి నీడలో ఉన్నాడంటే సంతోషిస్తుందని నా తెలివి. ఫోన్‌లోనే ఏడ్చింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఫోన్ పెట్టేసే ముందు ఒకటే ప్రశ్న, మీ చిన్నాయన కాడికి పొయ్యొచ్చినావా అని. పొయ్యొచ్చినా చిన్నమ్మా అనేవాణ్ణి. కొన్నాళ్లకు అలవాటైపోయింది.

పోయిన చలికాలంలో మా కంపెనీకి వింత పని వచ్చింది. ఇబ్రి దాటాక జనం వదిలేసిన ఒక పాత ఊరు ఉంది. అక్కడి మసీదు ఆవరణలో ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన కుటుంబం వాళ్లను పూడ్చారని పాత రాతల్లో ఉందట. పైన రాళ్లు ఎప్పుడో చెదిరిపోయాయి. తవ్వకుండా, రాడార్‌తోనే ఆ సమాధులు వెతకాలి.

పని చేయించే ప్రొఫెసరమ్మది స్కాట్లండ్. వాళ్ల దేశంలోనూ ఆమెది ఇదే పని. కూలిపోయిన ఒక పాత మఠంలో, ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేని చోట, రాజుల సమాధుల కోసం ఏళ్ల తరబడి వానలో బండి తోసిందట. దొరికారా అని అడిగితే, ఒకరు దొరికారేమో, ఇంకా ఒట్టేసి చెప్పలేను అంది. చచ్చిన రాజుల కోసం ఇంత తాపత్రయమా అని లోపల నవ్వుకున్నాను. సొంత చిన్నాయన కోసం పది నిమిషాలు నిలబడ్డ ఘనుణ్ణి నేను.

ఆమె పెట్టిన నియమం ఒకటే. ఇద్దరు మనుషులు స్క్రీన్ మీద చూసి ఒప్పుకుంటేనే అక్కడ ఎర్ర జెండా గుచ్చాలి, దాని మీద నంబరు రాయాలి. ఆశ ఉన్నవాడికి ప్రతి గీతలోనూ రాజే కనిపిస్తాడు అనేది. నాతోపాటు చూడాల్సిన రెండో మనిషి మల్లేశం. జగిత్యాల వైపు వాడు, యాభై దాటినవాడు, మాటకంటే ముందు కోపం వస్తుంది.

మొదటి రోజు ఆవరణ లోపల పదకొండు జెండాలు గుచ్చాం. కాగితం మీద కూడా పదకొండే. మర్నాడు పొద్దున వెళ్లేసరికి పన్నెండోది కనిపించింది. మేం గీసుకున్న గళ్లకు బయట, తూర్పు గోడ అవతల. నంబరు లేదు.

“గీ జెండా ఎవడు పెట్టిండు? నువ్వే పెట్టి మర్శిపోయినవ్ గావచ్చు” అన్నాడు మల్లేశం.

నేను గోడ అవతలికి అడుగే పెట్టలేదు. ఎందుకొచ్చిన గొడవని పీకేసి పికప్‌లో పడేశాను. మూడో రోజు పొద్దున మళ్లీ అదే చోట మరొకటి ఉంది. ఈసారి మల్లేశం కాపలాదారు మీదికి వెళ్లాడు. ఆయన ఒకప్పుడు అదే ఊరివాడు, సయీద్ అనే ముసలాయన. నాకు తెలియదని అల్లా మీద ఒట్టేశాడు. అది రాతి నేల, అడుగులు పడవు. కాబట్టి ఎవరూ రాలేదని నేను చెప్పలేను. ఆ సాయంత్రం ఆ జెండానూ పీకేసి, జెండాల పెట్టెను హోటల్‌కు తీసుకెళ్లి నా మంచం కింద పెట్టుకున్నాను.

నాలుగో రోజు కూడా జెండా ఉంది. మా జెండాలు ఆ నెలలోనే కొన్నవి, కొత్తవి. ఇది మాత్రం ఎండకు రంగు వెలిసిపోయి ఉంది. కింది తీగ తుప్పు పట్టి, పీకబోతే విరిగింది. ఏళ్లుగా అక్కడే ఉన్నట్టుంది. ముందు రోజు నేను ఖాళీ చేసిన చోటే అది.

ఏముందో చూద్దాం పద అని మల్లేశమే బండి తెచ్చాడు. జానెడు ఎడంతో అడ్డంగా లైన్లు తీశాం. మూడు లైన్లకే పొరలు తెగిన గుర్తు కనిపించింది. పొడవు ఒక మనిషంత, ఉత్తరం నుంచి దక్షిణానికి. ఇక్కడ శవాన్ని ముఖం పడమటికి వచ్చేలా కుడి పక్కకు తిప్పి పడుకోబెడతారు, తల ఉత్తరాన ఉంటుంది. బండిని దక్షిణానికి జరుపుకుంటూ పోతున్నాం. నడుము దాటాక స్క్రీన్ మీద గీత మెరిసింది. తర్వాతి లైన్‌లోనూ మెరిసింది. ఆ తర్వాత లేదు.

“లోపల ఇనుమున్నదే! రాజులకు ఇనుమేంది?” అన్నాడు మల్లేశం.

రెండు లైన్లంటే మూరెడు. తొడ ఉండాల్సిన చోటు. ఎండ ఎక్కువైందని చెప్పి, బండి మల్లేశానికి వదిలేసి గోడ పక్కన కూర్చున్నాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది. నీడ నా కాళ్ల మీదుగా పాకి ఆ జెండా ఉన్న చోటి దాకా వచ్చింది. పదేళ్ల కింద నేను నోటికొచ్చినట్టు కల్పించి చెప్పిన చోటు అదే.

సయీద్‌ను పిలిచి హిందీలో అడిగాను. గోడ అవతల ఎవరైనా ఉన్నారా అని. చాలా ఏళ్ల కింద రోడ్డు వేసేటప్పుడు క్యాంపులో పోయిన పరదేశీలను ఇద్దరినో ముగ్గురినో అక్కడ పెట్టామన్నాడు. పేర్లు తెలియవు. రాళ్లు పెట్టారు, వరదకు కొట్టుకుపోయాయి. వాళ్లకోసం ఎవరూ రాలేదు అని కూడా అన్నాడు. ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా తల ఎత్తలేకపోయాను.

ప్రొఫెసరమ్మ ఆ గీతలు చూసి, ఇది ఈమధ్య కాలం సమాధి, మన వెతుకులాటలోది కాదు అంది. మ్యాప్‌లో ఆ చోటును బూడిద రంగుతో కొట్టేసింది. ఆమె తప్పేమీ లేదు. ఆమె వచ్చింది రాజుల కోసం. కానీ ఆ కొట్టివేత చూసి నాకు ఏడుపొచ్చింది. ఎందుకని అడిగితే కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఆఖరి రోజు సామాన్లు సర్దాక గోడ అవతలికి ఒక్కణ్ణే వెళ్లాను. పాత ఊళ్లో రాయి కూడా కదపకూడదు. పదకొండేళ్లలో ఏ సైట్‌లోనూ రూల్ తప్పని నేను వాగులోంచి రెండు రాళ్లు మోసుకొచ్చి తల దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి పెట్టాను. ఫాతిహా చదివాను. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను.

చిన్నాయన సంగతి చెబితే, తవ్వి చూడమని అడగొచ్చు కదా అని మల్లేశం అన్నాడు. ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? చిన్నాయన కాకపోతే ఎవరో ఒకరి సమాధి తవ్వించిన పాపం నాది. నేను రాడ్ అనుకున్నది ఇంకేదైనా ఇనుప ముక్క అయి ఉండొచ్చు. జెండాలు ఎవరో ఆకతాయి పెట్టి ఉండొచ్చు. రంగు వెలిసిన జెండా ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు తీసి చూసినా దాని సంగతి నాకు అంతుపట్టదు.

ఆ శుక్రవారం చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఇబ్రి సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడింది, మేక ఈనిందని చెప్పింది. సరే నాయనా, బద్రం అని పెట్టేసింది. నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. పదేళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న అడగలేదు. మళ్లీ చేశాను.

“ఏందో మర్సిపోయినట్టుండావే చిన్నమ్మా.”

“మర్సిపోలేదు నాయనా. ఇంగ అడిగే పన్లేదు. పొయ్యొచ్చినావు గదా.”

“వారం వారం చెప్తానే ఉండా గదా.”

“అయ్యన్నీ నా కోసం సెప్పిన మాటలు. నాకు తెలీదా? ఈసారి పొయినావు.”

నీకెలా తెలుసని అడిగితే, ఏమో నాయనా అంది. ఫోన్‌లో ఆమె ఊపిరి వినపడుతోంది. పదేళ్లు వెళ్లకుండానే పొయ్యొచ్చినా అని తడుముకోకుండా చెప్పినవాణ్ణి. ఆ రోజు మాత్రం, పొయినా చిన్నమ్మా అనడానికి నాకు నోరు రాలేదు.